నెదర్లాండ్స్‌లో పేరోల్ ఉద్యోగం: జబ్బు చేస్తే, కాన్పు వస్తే, ఉద్యోగం పోతే (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఆమ్‌స్టెల్వేన్‌లో మా అపార్ట్‌మెంట్ కింద పిల్లల ఆటస్థలం దగ్గర నలుగురు తెలుగువాళ్లు చేరితే ముందు ఇంటి అద్దెల గురించి మాట్లాడుకుంటాం, తర్వాత 30 శాతం రూలింగ్ గురించి, అంటే విదేశాల నుంచి వచ్చిన ఉద్యోగులకి జీతంలో 30 శాతం వరకు పన్ను లేకుండా ఇచ్చే రాయితీ. ఆ తర్వాత ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడుగుతారు: "కాంట్రాక్టు పొడిగించకపోతే ఏం చెయ్యాలండీ?" అని. నేను ఇక్కడ పేరోల్ కంపెనీ ద్వారానే పనిచేశాను. ఒక కాన్పు, ఒక పెద్ద జ్వరం, ఒకసారి ఉద్యోగం లేని మూడు నెలలు, అన్నీ ఆ కాలంలోనే అయ్యాయి. ఆ నలుగురికీ విడివిడిగా చెప్పిన జవాబులే ఇవి. యూరోల్లో ఇచ్చిన అంకెలు 2025 జనవరి నాటివి. భత్యాలు లెక్కించే జీతానికి ఉన్న గరిష్ఠ పరిమితిని ఏటా జనవరిలోనూ జూలైలోనూ సవరిస్తారు.

పేరోల్ అంటే ఏమిటి? నేను రోజూ వెళ్లేది క్లయింట్ ఆఫీసుకే కదా, నా యజమాని ఎవరు?

మీ జీతం చీటీ మీద ఎవరి పేరు ఉందో వాళ్లే మీ యజమాని. డచ్చిలో ఆ చీటీని లోన్‌స్ట్రోక్ అంటారు. ఒకసారి తీసి చూడండి. పని చెప్పేది క్లయింట్, కాఫీ మిషను క్లయింట్‌ది, బ్యాడ్జి క్లయింట్‌ది. అయినా చట్టం ముందు క్లయింట్ మీ యజమాని కాదు. జబ్బు చేస్తే జీతం ఇవ్వాల్సింది, ప్రసూతి డబ్బుకి దరఖాస్తు చెయ్యాల్సింది, కాంట్రాక్టు ఆపితే నోటీసు ఇవ్వాల్సింది పేరోల్ కంపెనీయే. ఈ పేజీలో సగం గొడవలు ఈ ఒక్క సంగతి మరిచిపోవడం వల్ల వచ్చేవే.

ఏజెన్సీ ఉద్యోగానికీ పేరోల్ ఉద్యోగానికీ తేడా ఏమిటి?

మిమ్మల్ని ఎవరు వెతికి పట్టుకున్నారు అన్నదే తేడా. ఏజెన్సీ తనే మనిషిని వెతికి కంపెనీకి పంపితే అది ఏజెన్సీ పని, డచ్చిలో ఔట్‌జెండ్. క్లయింటే మిమ్మల్ని వెతికి, ఇంటర్వ్యూ చేసి, ఖాయం చేసుకుని, "సంతకం మాత్రం ఫలానా కంపెనీలో పెట్టండి" అంటే, ఆ కంపెనీ మిమ్మల్ని క్లయింట్ ఒప్పుకోకుండా వేరేచోటికి పంపలేకపోతే అది పేరోల్.

2020 జనవరి 1న వచ్చిన చట్టం పేరోల్ వాళ్లకి బాగా మేలు చేసింది. డచ్చిలో దాన్ని క్లుప్తంగా వాబ్ అంటారు. క్లయింట్ సొంత ఉద్యోగికి ఏ జీతం, ఏ సెలవులు, జబ్బు చేస్తే ఎంత శాతం అని ఉంటే మీకూ అంతే ఉండాలి. "క్లయింట్‌కి అవసరం తీరింది కాబట్టి నీ కాంట్రాక్టు ఇవాళ్టితో సరి" అనే ఏజెన్సీ షరతు పేరోల్ కాంట్రాక్టులో చెల్లదు. మూడు తాత్కాలిక కాంట్రాక్టులు గానీ మూడేళ్లు గానీ దాటితే ఆ తర్వాతిది శాశ్వతం. సరైన పింఛను పథకం కూడా 2021 నుంచి తప్పనిసరి.

కాబట్టి "మీరు పేరోల్ కదా, మీకివి రావు" అని ఎవరైనా అంటే క్లయింట్ కంపెనీ కార్మిక ఒప్పందం ఏమిటో అడిగి తెచ్చుకోండి. డచ్చిలో దాన్ని సీఏఓ అంటారు. నేను అడిగిన రోజు అవతలి గొంతు కాస్త మెత్తబడింది.

నన్ను హైదరాబాద్ కంపెనీ డెప్యుటేషన్ మీద పంపింది. ఇవన్నీ నాకూ వస్తాయా?

చాలావరకు రావు. భారత్, నెదర్లాండ్స్ మధ్య సామాజిక భద్రత ఒప్పందం 2011 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. పీఎఫ్ ఆఫీసు ఇచ్చే కవరేజీ సర్టిఫికెట్‌తో వచ్చినవాళ్లు ఐదేళ్ల వరకు ఇండియా వ్యవస్థలోనే ఉంటారు. అక్కడ పీఎఫ్ కడుతున్నారు కాబట్టి ఇక్కడి నిరుద్యోగ భత్యం, జబ్బు భత్యం వాళ్లకి వర్తించవు. ఇదే మనిషి డెప్యుటేషన్ వదిలి ఇక్కడి లోకల్ పేరోల్‌కి మారితే ఆ రోజు నుంచి ఇక్కడి బీమాలోకి వస్తాడు. ఉద్యోగ చరిత్ర లెక్క కూడా అప్పటి నుంచే.

ఈ బీమాలకి నా జీతంలోంచి కోస్తున్నారా?

నిరుద్యోగ, జబ్బు బీమాల ప్రీమియం యజమానే కడతాడు. తమాషా ఏమిటంటే శాశ్వత కాంట్రాక్టుకి 2025లో నిరుద్యోగ ప్రీమియం 2.74 శాతం, తాత్కాలికానికి 7.74 శాతం. అందుకే మీ కాంట్రాక్టు ఏ రకమో జీతం చీటీ మీద రాసి ఉంటుంది.

## జబ్బు చేస్తే

పొద్దున లేవలేకపోయాను. ఎవరికి చెప్పాలి?

ఇద్దరికీ చెప్పాలి. ముందు పేరోల్ కంపెనీకి, వెంటనే క్లయింట్ దగ్గర మీ మేనేజరుకి. ఎన్ని గంటల లోపు చెప్పాలో కాంట్రాక్టులో ఉంటుంది, సాధారణంగా పని మొదలయ్యే లోపే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. 39 డిగ్రీల జ్వరంలో క్లయింట్ మేనేజరుకి మెసేజ్ పెట్టాను. ఆయన "త్వరగా కోలుకో" అని పువ్వు బొమ్మ పంపాడు. నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నాలుగో రోజు పేరోల్ కంపెనీ నుంచి మెయిల్: చెప్పకుండా మానేశారు, ఆ రోజులకి జీతం లేదు అని. మేనేజరు మెసేజ్ స్క్రీన్‌షాట్ పంపి వాదించుకుంటే డబ్బు వచ్చింది గానీ రెండు వారాల టెన్షన్ ఉచితంగా వచ్చింది. ఇప్పుడు పేరోల్ కంపెనీ నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

డాక్టర్ సర్టిఫికెట్ పెట్టాలా?

వద్దు. మన దగ్గరిలా మెడికల్ సర్టిఫికెట్ పద్ధతి ఇక్కడ లేదు. మీ ఫ్యామిలీ డాక్టరు, అంటే హౌస్‌ఆర్ట్స్, ఆఫీసుకి చీటీ రాసివ్వరు, అడిగితే వింతగా చూస్తారు. పని చెయ్యగలరో లేదో తేల్చేది కంపెనీ డాక్టరు, బెడ్రైఫ్స్‌ఆర్ట్స్.

నాకేం జబ్బో హెచ్ఆర్ అడుగుతున్నారు. చెప్పాలా?

అక్కర్లేదు. యజమాని అడగకూడదు కూడా. ఆయన అడగదగ్గవి: ఎప్పటికి తిరిగి రావచ్చు అనుకుంటున్నారు, ఏ ఫోన్‌కి దొరుకుతారు, మీ చేతిలో ఉన్న పనుల్లో ఏవి ఎవరికైనా అప్పజెప్పాలి, ఇది ఆఫీసులో జరిగిన ప్రమాదమా లేక ట్రాఫిక్ ప్రమాదమా. అంతవరకే. మన అలవాటు వేరు. "కడుపులో నొప్పండీ, స్కాన్ తీశారు, గాల్‌బ్లాడర్‌లో రాయి అన్నారు" అని పూర్తి కథ చెప్పేస్తాం. మంచితనంగా చెప్పిందే రేపు ఫైలులో ఉంటుంది. వివరాలు కంపెనీ డాక్టరుకి మాత్రమే చెప్పండి. ఆయన కూడా యజమానికి జబ్బు పేరు చెప్పడు. ఏ పని చెయ్యగలరు, ఎన్ని గంటలు అన్నదే రాస్తాడు. నన్ను కూర్చోబెట్టి అడిగిన మొదటి ప్రశ్న "ఏమైంది?" కాదు, "స్క్రీన్ ముందు వరసగా ఎంతసేపు కూర్చోగలవు?" అని.

ఆ రోజుల్లో జీతం ఎంత వస్తుంది?

చట్టం ప్రకారం కనీసం 70 శాతం. గరిష్ఠంగా 104 వారాల పాటు, అంటే రెండేళ్లు. మొదటి ఏడాది ఆ 70 శాతం కనీస వేతనం కన్నా తగ్గితే కనీస వేతనం ఇవ్వాలి. చాలా కార్మిక ఒప్పందాల్లో మొదటి ఏడాది 100 శాతం ఉంటుంది. క్లయింట్ ఉద్యోగులకి 100 ఉంటే పేరోల్ మనిషి అయిన మీకూ 100. పైన చెప్పిన 2020 చట్టం ఎక్కువగా అక్కరకొచ్చేది ఇక్కడే.

మొదటి ఒకటి రెండు రోజులకి జీతం లేని షరతు కొన్ని కాంట్రాక్టుల్లో ఉంటుంది. రాసి ఉంటేనే చెల్లుతుంది. జబ్బుగా ఉన్న కాలంలో మీ వార్షిక సెలవులు మామూలుగానే జమవుతూ ఉంటాయి.

నెలల తరబడి కోలుకోలేకపోతే?

డచ్చి వాళ్లకి వారాల లెక్క పిచ్చి. 2002 నుంచి ఉన్న చట్టం ప్రకారం ఆరో వారానికి కంపెనీ డాక్టరు సమస్య మీద నివేదిక రాయాలి. ఎనిమిదో వారానికి మీరూ యజమానీ కూర్చుని తిరిగి పనిలోకి రావడానికి ప్రణాళిక రాసుకోవాలి. ఆ తర్వాత ఆరేసి వారాలకోసారి మాట్లాడుకోవాలి. 42వ వారానికి యజమాని యూడబ్ల్యూవీకి తెలియజేయాలి. ఈ యూడబ్ల్యూవీ అంటే ఉద్యోగుల బీమాలు చూసే ప్రభుత్వ సంస్థ. ఇక్కడి వాళ్ల నోట ఊ-వే-వే.

ప్రణాళిక రాసుకునే పూట నోరు మెదపకుండా తలూపి రాకండి. "వారానికి మూడు పూటలు, ఇంటి నుంచి" అని మీరు చెయ్యగలిగింది మీరే చెప్పండి. పిలిచిన అపాయింట్‌మెంటుకి వెళ్లకపోతే జీతం ఆపొచ్చు. యజమాని తన వంతు చెయ్యకపోతే రెండేళ్ల తర్వాత మరో ఏడాది వరకు జీతం ఇమ్మని యూడబ్ల్యూవీ శిక్ష వేస్తుంది. కంపెనీ డాక్టరు "పనికి వెళ్లు" అంటే మీకు ఒప్పుదల లేకపోతే యూడబ్ల్యూవీ నుంచి నిపుణుల అభిప్రాయం అడగొచ్చు, దానికి ఫీజు ఉంటుంది.

జబ్బుగా ఉండగా తీసేస్తారా?

మొదటి రెండేళ్లు జబ్బు కారణంగా తీసెయ్యడం నిషేధం. అయితే తాత్కాలిక కాంట్రాక్టు గడువు ముగిస్తే అది దానంతట అదే అయిపోతుంది, నిషేధం దాన్ని ఆపదు.

జబ్బుగా ఉండగానే కాంట్రాక్టు గడువు అయిపోయింది. మరి డబ్బు?

జీక్టెవెట్, అంటే జబ్బు చట్టం కింద, రోజు వేతనంలో 70 శాతం వస్తుంది. మొదటి జబ్బు రోజు నుంచి మొత్తం 104 వారాల వరకు. పేరోల్ కంపెనీ మీ చివరి పనిదినాన "జబ్బుతో ఉండగా ఉద్యోగం ముగిసింది" అని యూడబ్ల్యూవీకి చెప్పాలి. చెప్పిందో లేదో మీరే ఫోన్ చేసి కనుక్కోండి. కొన్ని పెద్ద కంపెనీలు ఈ భత్యం తామే ఇచ్చుకునేలా ఏర్పాటు చేసుకుంటాయి. అప్పుడు డబ్బు యూడబ్ల్యూవీ నుంచి కాక కంపెనీ నుంచే వస్తుంది.

ఏడాది గడిచాక యూడబ్ల్యూవీ పరీక్షిస్తుంది. పాత జీతంలో 65 శాతం కన్నా ఎక్కువ సంపాదించగలరని తేలితే భత్యం ఆగుతుంది.

మరో సంగతి. ఉద్యోగం ముగిసిన నాలుగు వారాల్లోపు జబ్బు పడితే, మధ్యలో వేరే పని గానీ నిరుద్యోగ భత్యం గానీ లేకపోతే, అప్పుడూ జీక్టెవెట్ కిందికి రావచ్చు.

జబ్బు సెలవులో ఇండియా వెళ్లి అమ్మ దగ్గర ఉండొచ్చా?

అడిగి వెళ్లొచ్చు. అడగకుండా వెళ్తే జీతం ఆగుతుంది. కంపెనీ డాక్టరు దానివల్ల కోలుకోవడం ఆలస్యం కాదని ఒప్పుకోవాలి, యజమాని లిఖితంగా సరే అనాలి.

రెండేళ్లు దాటితే?

విఐఏ అనే వైకల్య భత్యం. 88వ వారం దగ్గర యూడబ్ల్యూవీ ఉత్తరం పంపుతుంది, 93వ వారం లోపు దరఖాస్తు చెయ్యాలి. సంపాదించే శక్తి 35 శాతం కన్నా తక్కువే తగ్గిందని తేలితే ఏమీ రాదు.

## కడుపుతో ఉంటే

ప్రసూతి సెలవు ఎంత?

కనీసం 16 వారాలు. ప్రసవ తేదీకి ఆరు నుంచి నాలుగు వారాల ముందు మొదలుపెట్టొచ్చు, ఎప్పుడన్నది మీ ఇష్టం. ప్రసవం తర్వాత కనీసం 10 వారాలు. బిడ్డ డాక్టరు చెప్పిన తేదీ దాటి పుడితే ఆ ఆలస్యం మీకు లాభమే, ఎందుకంటే పది వారాల లెక్క పుట్టిన మర్నాటి నుంచి. కవలలైతే 20 వారాలు, పది నుంచి ఎనిమిది వారాల ముందు మొదలు. బిడ్డ ఆసుపత్రిలో ఉండాల్సి వస్తే మరో పది వారాల వరకు పొడిగింపు ఉంది.

ప్రసవం అయిన ఆరు వారాల తర్వాత మిగిలిన సెలవుని 30 వారాల మీద పరుచుకోవచ్చు. వారానికి మూడు రోజులు పని, రెండు రోజులు పాప అన్నమాట. నేను అలాగే చేశాను. అందరికీ కుదరదు గానీ పాపని ఒక్కసారిగా క్రెష్‌లో వదలలేనివాళ్లకి ఇది మంచి దారి.

ఆ కాలంలో జీతం?

100 శాతం. కానీ గరిష్ఠ పరిమితి ఉంది: 2025 జనవరికి రోజుకి 290.67 యూరోలు, నెలకి లెక్కిస్తే సుమారు 6,322. అంతకన్నా ఎక్కువ జీతం ఉన్నవాళ్లకి మిగతాది యజమాని ఇస్తాడా అన్నది ఒప్పందాన్ని బట్టి. ఈ డబ్బు యూడబ్ల్యూవీ ఇస్తుంది, మామూలుగా పేరోల్ కంపెనీ ద్వారా మీ చేతికి వస్తుంది.

ఎవరు, ఎప్పుడు దరఖాస్తు చెయ్యాలి?

మీ మిడ్‌వైఫ్ గానీ డాక్టరు గానీ ప్రసవ తేదీ రాసిన కాగితం ఇస్తారు. సెలవు మొదలయ్యే మూడు వారాల ముందైనా మీరు పేరోల్ కంపెనీకి చెప్పాలి. వాళ్లు రెండు వారాల ముందు యూడబ్ల్యూవీకి పంపాలి. క్లయింట్ టీమ్‌లో అందరికీ తెలిసినా, కేక్ కోసినా, పేరోల్ కంపెనీకి చెప్పినట్టు కాదు.

గర్భం వల్లే వాంతులు, నడుంనొప్పి. లేవలేకపోతున్నాను. 70 శాతమేనా?

కాదు. గర్భం వల్ల గానీ ప్రసవం వల్ల గానీ వచ్చిన జబ్బుకి జీక్టెవెట్ 100 శాతం ఇస్తుంది, అదే గరిష్ఠ పరిమితితో. ఇందుకోసమైనా జబ్బు పేరు చెప్పకపోయినా "గర్భానికి సంబంధించింది" అన్న మాట యజమానికి చెప్పడం మీకే మంచిది. చివరి ఆరు వారాల్లో జబ్బు పడితే మాత్రం ఆ రోజులు ప్రసూతి సెలవుగానే లెక్క. నాలుగు వారాల ముందు మొదలుపెడదామని ప్లాన్ వేసుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

కడుపుతో ఉన్నానని తెలిస్తే కాంట్రాక్టు పొడిగించరేమో?

ఈ భయం అందరికీ ఉంటుంది. గర్భం కారణంగా పొడిగించకపోవడం ఇక్కడ వివక్ష కిందికి వస్తుంది. మానవ హక్కుల సంస్థ కాలేజ్ ఫోర్ డె రెఖ్టెన్ ఫన్ డె మెన్స్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు. "నీ పని బాగుంది, పొడిగిస్తాం" అన్న మెయిళ్లు దాచుకోండి. ఇంటర్వ్యూలో గర్భం సంగతి చెప్పాల్సిన బాధ్యత కూడా లేదు.

సెలవు మధ్యలో కాంట్రాక్టు ముగిసినా ప్రసూతి భత్యం చివరి వరకు యూడబ్ల్యూవీ ఇస్తుంది. ఉద్యోగం ముగిశాక పది వారాల్లోపు ప్రసవ తేదీ ఉన్నవాళ్లకీ హక్కు ఉంటుంది. ఇది తెలియక వదిలేసుకున్నవాళ్లని నేను చూశాను.

తొలి కాన్పు పుట్టింట్లోనే అంటున్నారు. పురిటికి ఇండియా వెళ్లొచ్చా?

లెక్క చూడండి. సెలవు మొదలయ్యేది తొందరగా అంటే 34వ వారంలో. చాలా విమాన సంస్థలు 36 వారాలు దాటిన గర్భిణిని ఎక్కనివ్వవు, అంతకు ముందు నుంచే డాక్టరు చీటీ అడుగుతాయి. అంటే మీకున్నది రెండు వారాల సందు. ముందే వెళ్లాలంటే ఆ వారాలకి మామూలు సెలవు పెట్టాలి. పైగా బిడ్డ అక్కడ పుడితే ఇక్కడికి తేవడానికి పాస్‌పోర్టు, వీసా, నివాస అనుమతి, అన్నీ అక్కడి నుంచే చూసుకోవాలి. ఎక్కువమంది అమ్మని గానీ అత్తగారిని గానీ ఇక్కడికే పిలిపించుకుంటారు. విజిటింగ్ వీసా మీద 90 రోజులు ఉండొచ్చు.

ఇక్కడ పుడితే మూడు రోజుల్లో మునిసిపాలిటీలో నమోదు చెయ్యాలి. తర్వాత ప్రసవానంతర సేవ, క్రామ్‌జోర్ఖ్, ఇంటికే వస్తుంది. బీమా కిందే వస్తుంది గానీ గంటకి కొంత మనమూ కట్టాలి. ముందే బుక్ చేసుకోవాలి, ఆలస్యమైతే మనిషి దొరకదు. మా ఇంటికి వచ్చినావిడ మొదటి రోజే రొట్టె బిస్కెట్ మీద సోంపు గింజల చక్కెర పూసలు చల్లి ఇచ్చింది, బిడ్డ పుడితే ఇక్కడ అది ఆనవాయితీ. బాలింతకి సోంపు మంచిదే అని మా అమ్మ ఒప్పుకుంది. చల్లటి పాలు మాత్రం ఒప్పుకోలేదు.

భర్తకి ఏం సెలవు వస్తుంది?

బిడ్డ పుట్టిన నాలుగు వారాల్లోపు ఒక వారం పని గంటలంత సెలవు, పూర్తి జీతంతో. 2020 జూలై నుంచి ఆపైన ఐదు వారాల వరకు 70 శాతంతో, ఆరు నెలల్లోపు. 2022 ఆగస్టు నుంచి తల్లికీ తండ్రికీ చెరో తొమ్మిది వారాల తల్లిదండ్రుల సెలవుకి కూడా 70 శాతం వస్తుంది. బిడ్డకి ఏడాది నిండేలోపు వాడుకోవాలి. హైలీ స్కిల్డ్ పర్మిట్ (నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే నివాస అనుమతి) మీద ఉన్నవాళ్లు జీతం తగ్గే సెలవు పెట్టేముందు స్పాన్సర్‌ని, అంటే ఆ పర్మిట్ తీయించిన కంపెనీని, ఒక మాట అడగండి, ఎందుకంటే ఆ పర్మిట్‌కి కనీస జీతం షరతు ఉంది.

## ఉద్యోగం పోతే

నిరుద్యోగ భత్యానికి అర్హత ఏమిటి?

దీని పేరు వేవే. చివరి 36 వారాల్లో కనీసం 26 వారాలు పనిచేసి ఉండాలి. వారానికి ఒక్క గంట చేసినా ఆ వారం లెక్కలోకి వస్తుంది. వారానికి కనీసం ఐదు గంటల పని పోయి ఉండాలి, కొత్త పనికి సిద్ధంగా ఉండాలి, ఉద్యోగం మీ తప్పు వల్ల పోయి ఉండకూడదు. మీరే రాజీనామా చేస్తే సాధారణంగా రాదు. తాత్కాలిక కాంట్రాక్టు గడువు తీరి పొడిగించకపోతే వస్తుంది.

ఎంత, ఎన్ని నెలలు?

మొదటి రెండు నెలలు రోజు వేతనంలో 75 శాతం, తర్వాత 70 శాతం. నెలకి 4,000 యూరోల జీతం, 8 శాతం సెలవు భత్యం కలిపి 4,320 అనుకుంటే మొదటి రెండు నెలలు సుమారు 3,240, ఆపైన 3,024. ఇవన్నీ పన్ను పోకముందు, సెలవు భత్యం కలిపిన అంకెలు. ఎంత పెద్ద జీతమైనా పైన చెప్పిన 6,322 మీదే లెక్క, అంటే 70 శాతానికి సుమారు 4,425.

ఎన్ని నెలలన్న దగ్గరే మనవాళ్లకి ఇబ్బంది. అర్హత ఉన్న అందరికీ మూడు నెలలు ఖాయం. అంతకన్నా ఎక్కువ కావాలంటే ఉద్యోగం పోయిన సంవత్సరానికి ముందు ఐదేళ్లలో కనీసం నాలుగేళ్లు, ఏడాదికి 208 గంటలైనా ఇక్కడ పనిచేసి ఉండాలి. అది ఉంటే మొదటి పదేళ్లకి ఏడాదికి ఒక నెల, ఆపైన ఏడాదికి అర నెల, మొత్తం 24 నెలలకి మించదు. 2019లో వచ్చి ఏకధాటిగా పనిచేసి 2025లో ఉద్యోగం పోయినవాళ్లకి ఆరు నెలలు. 2022లో వచ్చినవాళ్లకి మూడే. బెంగళూరులో చేసిన పన్నెండేళ్లు ఈ లెక్కలోకి రావు.

30 శాతం రూలింగ్ ఉంది. దాని ప్రభావం ఏమైనా ఉంటుందా?

ఉంది, భత్యం ఎంతో చెప్పే యూడబ్ల్యూవీ ఉత్తరం చూసి చాలామంది ఉలిక్కిపడతారు. పన్ను లేకుండా వచ్చే ఆ 30 శాతం రోజు వేతనం లెక్కలో చేరదు. చీటీ మీద 6,000 ఉంటే 1,800 పక్కకి పోయి 4,200 మీదే భత్యం లెక్కిస్తారు. జబ్బు భత్యానికీ ప్రసూతి భత్యానికీ ఇదే సంగతి. ఇంకొకటి: మూడు నెలల్లోపు కొత్త ఉద్యోగం దొరక్కపోతే రూలింగ్ కూడా పోతుంది.

కంపెనీ ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటోంది. పెట్టనా?

ఆ పూటే పెట్టకండి. పరస్పర అంగీకారంతో విడిపోయే ఒప్పందం అది. డచ్చి పేరు పొడుగ్గా ఉంటుంది, అందరూ వీఎస్ఓ అంటారు. అందులో ప్రతిపాదన యజమాని వైపు నుంచే వచ్చిందని, మీ తప్పేమీ లేదని, నోటీసు కాలం పూర్తిగా ఉందని రాసి ఉండాలి. నోటీసు కాలం తగ్గించి రాస్తే ఆ వారాలకి వేవే రాదు. పెట్టాక కూడా 14 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు. జబ్బుగా ఉన్నప్పుడు మాత్రం సంతకం పెట్టకండి, జీక్టెవెట్ హక్కు పోయే ప్రమాదం ఉంది.

యజమాని వైపు నుంచి ఉద్యోగం ముగిస్తే ఏడాదికి మూడోవంతు నెల జీతం చొప్పున పరిహారం వస్తుంది, మొదటి రోజు నుంచే, తాత్కాలిక కాంట్రాక్టుకి కూడా. ఆరు నెలలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో నెల ముందు లిఖితంగా చెప్పాలి. చెప్పకపోతే గరిష్ఠంగా ఒక నెల జీతం అడగొచ్చు. ఎవరూ తమంతట తాము ఇవ్వరు.

దరఖాస్తు ఎప్పుడు, ఎలా?

ఉద్యోగం లేని మొదటి రోజుకి వారం ముందు నుంచి వారం తర్వాత లోపు. డిజిడి (ఇక్కడి ప్రభుత్వ సైట్లకి వాడే లాగిన్) తో యూడబ్ల్యూవీ సైట్‌లో. ఆలస్యమైతే డబ్బు కోస్తారు. ఆ తర్వాత ప్రతి నెలా ఆదాయం ఫారం నింపాలి, ఆదాయం సున్నా అయినా సరే. అది నింపకపోతే డబ్బు రాదు. నాలుగు వారాలకి నాలుగు ఉద్యోగ ప్రయత్నాలు చూపించాలి. దరఖాస్తు పంపడం, ఇంటర్వ్యూకి వెళ్లడం, రిక్రూటర్‌తో మాట్లాడడం, అన్నీ లెక్కే. తేదీతో సహా రాసి పెట్టుకోండి. ఆరు నెలలు దాటాక ఏ పని వచ్చినా తగిన పనే అంటారు.

వేవే తీసుకుంటూ ఇండియా వెళ్లొచ్చా?

సెలవుగా, ఏడాదికి 20 పనిదినాలు, ముందే తెలియజేసి. అక్కడే కూర్చుని నెలల తరబడి తీసుకోవడం కుదరదు.

నా వీసా సంగతి?

హైలీ స్కిల్డ్ పర్మిట్ మీద ఉంటే ఉద్యోగం ముగిసిన రోజు నుంచి కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి మూడు నెలలు, పర్మిట్ గడువు అంతకన్నా ముందే ముగిస్తే అప్పటివరకే. వేవే తీసుకోవడం తప్పు కాదు, అది బీమా డబ్బు. మునిసిపాలిటీ ఇచ్చే సాంఘిక సహాయం వేరు, దాని జోలికి పోతే పర్మిట్‌కి ఇబ్బంది. వేవే మూడు నెలలే వచ్చేవాళ్లకి రెండు గడియారాలూ ఒకేసారి ఆగుతాయి. ఆరు నెలలు వచ్చేవాళ్లు "ఇంకా డబ్బు వస్తోంది కదా" అని నిదానిస్తే నివాస హక్కు ముందే పోతుంది, దాంతోపాటే భత్యమూ.

పేరోల్ కంపెనీయే దివాలా తీస్తే?

ఆగిపోయిన జీతంలో 13 వారాల వరకు, నోటీసు కాలానికి ఆరు వారాల వరకు యూడబ్ల్యూవీ ఇస్తుంది. సెలవు భత్యం బకాయి కూడా ఏడాది వరకు.

యూడబ్ల్యూవీ కాదంటే?

ఆరు వారాల్లో అభ్యంతరం పంపొచ్చు. "కోలుకున్నారు, పనికి వెళ్లండి" అనే జీక్టెవెట్ నిర్ణయానికి మాత్రం రెండు వారాలే. ఉత్తరం మీద ఉన్న తేదీ నుంచి లెక్క, మీరు కవరు చింపిన రోజు నుంచి కాదు. ఇండియా ట్రిప్‌లో ఉండగా ఇక్కడ తలుపు సందులో పడిన ఉత్తరం వల్ల ఒక స్నేహితుడికి గడువు దాటిపోయింది. ఉచిత సలహాకి యూరిడిష్ లోకెట్ అనే సంస్థ ఉంది. వెళ్లేటప్పుడు కాంట్రాక్టు, చివరి మూడు జీతం చీటీలు, ఆ ఉత్తరం కవరుతో సహా పట్టుకెళ్లండి.